దుప్పటి చేపకు ముహూర్తం

డర్బన్ పక్కన షాల్‌క్రాస్‌లో మాకు వెనక గదులు అద్దెకిచ్చిన అవ్వ పొద్దున్నే దీపం పెట్టి, దేవుడికి రెండు ముక్కల్లో దండం ముగించేది. ఆ పక్కనే గోడకున్న మొగుడి ఫొటో ముందు మాత్రం ఐదు నిమిషాలు నిలబడేది. ప్రేమతో కాదు, తిట్టడానికి. "అబద్దాలోడా, వల తినేసినోడా" అని మొదలుపెట్టి, ఆ రోజు ఇంట్లో ఏది చెడిపోతే అది ఆయన నెత్తిన రుద్దేది. కుళాయి కారినా ఆయనే కారణం, కోడిపెట్ట గుడ్లు మానేసినా ఆయనే కారణం. ఆయన పోయి అప్పటికి ఎనిమిదేళ్ళు.

అవ్వ పుట్టి పెరిగింది ఈ దేశంలోనే. ఆమె తాతలు విశాఖ వైపు నుంచి చెరుకు తోటల్లో పనికి ఓడెక్కి వచ్చినవాళ్ళు. వీధిలో, దుకాణంలో, పిల్లలతో, మనవలతో అంతా ఇంగ్లీషే. తెలుగు ఆమె దగ్గర వంటింట్లో కొంత, పూజలో కొంత, తిట్లలో పూర్తిగా మిగిలింది. మా ఆయనకు అన్ని రంగులవాళ్ళకూ ఓటొచ్చిన తొలి ఎన్నికలైన మరుసటేడు ఇక్కడి ప్రభుత్వాసుపత్రిలో డాక్టరుగా ఉద్యోగం వస్తే కాకినాడ నుంచి వచ్చాం. నేను దగ్గర్లోని హైస్కూల్లో లెక్కల టీచరుగా కుదురుకున్నాను. పెట్టెలు దించుతున్న రోజు నా చెవిన పడ్డ మొదటి తెలుగు మాట "వల తినేసినోడా". ఎవరినో ఏమో గానీ, ఆ మాట వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది.

ఆ వల కథ అవ్వ నాకు విడతలుగా చెప్పింది. ఆమె మొగుడు డర్బన్ రేవులో వల లాగేవాడు. పడవలో వలను చుట్టూ తిప్పి తెస్తే, రెండు కొసలూ పట్టుకుని మనుషులు ఒడ్డుకు లాగే పని. వల అల్లడం ఇంట్లో ఆడవాళ్ళ వంతు. పెళ్ళయిన కొత్తలో అవ్వ మూడు నెలలపాటు రోజూ సాయంత్రం వెదురు సూది పట్టుకుని, వేళ్ళు పగిలేలా సొంతంగా ఒక వల అల్లింది. అది ఆమె మొదటి వల. దాన్ని ఆయన ఒక రాత్రి పడవలో వేసుకుని వెళ్ళాడు. తెల్లారేసరికి అడ్డంగా కోసేసి ఉన్న వలతో తిరిగొచ్చాడు. ఏమైందంటే, పడవలో గ్యాసు లాంతరు వెలుగుకు దుప్పటంత చేప ఒకటి వచ్చిందట. దానికి రెక్కలున్నాయట. పొట్ట తెల్లగా ఉందట. లాంతరు కింద మూడు పిల్లిమొగ్గలు వేసి వలలో చిక్కుకుందట. చంపడానికి చేతులు రాక, కత్తి తీసి వల కోసి వదిలేశాడట.

"తాగేసి రాళ్ళ మీద ఏసినాడు. వల సిరిగిపోనాది. ఇంటికొచ్చి పిల్లిమొగ్గల కత సెప్పినాడు" అనేది అవ్వ. "సేప పిల్లిమొగ్గ ఏస్తాదేటమ్మీ? సర్కస్సా?"

ఆ ఇంట్లో ఎవరు ఏ కోతలు కోసినా అది 'దుప్పటి కథ' అయిపోయింది. పిల్లలు బడికి ఆలస్యమై సాకులు చెబితే దుప్పటి కథ. అల్లుడు కారు గుద్దుకొస్తే దుప్పటి కథ. ముసలాయన మాత్రం చివరిదాకా ఒక్క ముక్క మార్చలేదట. మూడంటే మూడు పిల్లిమొగ్గలే.

అలా సాగిపోతున్న ఇంట్లో ఆ ఏడు దీపావళికి మిఠాయితోపాటు ఒక ఫొటో వచ్చి పడింది. తెచ్చినవాడు అవ్వ మరిది కొడుకు. యాభై ఏళ్ళవాడు, ఉత్తరాన మొజాంబిక్ సరిహద్దు దగ్గర సోద్వానాలో రబ్బరు పడవ నడుపుతూ, సముద్రంలో చేపలు చూడటానికి వచ్చేవాళ్ళను తిప్పుతుంటాడు. తెలుగులో అతనికి వచ్చిన మాట 'పెద్దమ్మ' ఒక్కటే. మిగతాదంతా ఇంగ్లీషు, అవ్వ అతనితో మాట్లాడేదీ ఇంగ్లీషే, నేను దాన్ని మన మాటల్లోకి దించుకుని రాస్తున్నాను. ఫొటోలో నీలం నీళ్ళలో పరుపంత వెడల్పు జీవి ఒకటి. మాంటా రే అంటారని చెప్పాడు. మా కాకినాడలో టేకు చేప అంటాం చూడండి, ఆ జాతిదే, కాకపోతే తోకతో కుట్టదు, మనుషులను ఏమీ అనదు. అవ్వ కళ్ళజోడు పెట్టుకుని దాన్ని చాలాసేపు చూసింది.

"రెక్కలున్నాయి" అంది. ఫొటోను వెలుగుకు తిప్పి, "పొట్ట తెల్లగుంది" అంది. కళ్ళజోడు తీసి తుడుచుకుని, "పిల్లిమొగ్గ ఏస్తాదా?" అంది.

"వేస్తుంది పెద్దమ్మా. రాత్రిపూట దీపం దించితే, ఆ వెలుగుకు కంటికి ఆనని పురుగులు గుమిగూడతాయి. అవి తినడానికి అక్కడే వెనక్కి తిరుగుతూ పల్టీలు కొడుతుంది. నేను రెండుసార్లు చూశాను."

"నువ్వూ ఆ ఇంటోడివే గదా" అంది అవ్వ. సాక్షిని అంత తేలిగ్గా కొట్టిపారేసిన కోర్టు నేనెక్కడా చూడలేదు.

మర్నాడు పొద్దున్న ఫొటో ముందు "అబద్..." అని ఆగిపోయింది. ఆ మర్నాడూ అంతే. తిట్టలేకపోయింది, తిట్టకుండా ఉండలేకపోయింది. వారం రోజులు ఇల్లు ఉప్పు లేని పప్పులా అయిపోయింది. చివరికి ఒక సాయంత్రం నా గుమ్మంలోకి వచ్చి కూర్చుంది.

"ముసిలోడు సెప్పింది ట్రూ అయితే, నాను తిట్టిన తిట్లన్నీ ఏటవుతాయమ్మీ? ఆడు నాకు ఎనక్కియ్యడు గదా. నాను సూడాల. నా కళ్ళతో సూడాల. లైటు కాడికొస్తాదా, పల్టీ కొడతాదా. కొట్టకపోతే ఫైన్, రేపట్నించి మళ్ళీ తిడతాను."

ఆమె నవ్వుతూనే అంది గానీ, చీర కొంగును వేలికి చుట్టుకుంటూ అంది. అరవై ఎనిమిదేళ్ళ మనిషి, ఈత రాదు. నాకూ రాదు. అయినా వెళ్దామన్నాను. నాకున్న రోగం అదే, నోరు ముందు నడుస్తుంది, బుర్ర వెనక ఆయాసపడుతూ వస్తుంది.

పడవాయనకు ఫోన్ చేస్తే సంబరపడ్డాడు. అయితే ఈ వేసవిలోనే రావాలన్నాడు, ఇక్కడ వేసవి అంటే డిసెంబరు, జనవరి. మొజాంబిక్‌లో యుద్ధం ఆగి అటువైపు తీరం తెరుచుకుంది, ఈస్టరు తర్వాత పడవతో సహా అక్కడికి మారిపోతున్నాడు. ఈస్టరుకు ఎలాగూ ఆ చేపలూ వెళ్ళిపోతాయట.

ఇక ప్లాను నా చేతికొచ్చింది. ప్లాను లేకుండా నేను పచ్చిమిరపకాయలు కూడా కొనను. గ్రాఫు కాగితం తీసి అడ్డంగా తేదీలు, నిలువుగా గంటలు రాసుకుని, పడవాయన చెప్పినవన్నీ రంగు పెన్సిళ్ళతో గీశాను. వెన్నెల ఉండకూడదు, ఉంటే దీపానికి విలువుండదు, పురుగులు చెదిరిపోతాయి. పోటు సాయంత్రానికి నిండుగా ఉండాలి, అప్పుడే పడవ అలలు దాటడం, తిరిగి ఒడ్డెక్కడం సులువు. అమావాస్య వెళ్ళిన రెండో రోజో మూడో రోజో అయితే నెలవంక తొందరగా దిగిపోతుంది, పోటు సరిగ్గా పొద్దుగూకే ముందు నిండుతుంది, అదే అన్నిటికన్నా మంచి వేళ అన్నాడు. "మిగిలింది గాలి. దాన్ని మీ కాగితం మీద రాసుకోలేరు" అన్నాడు. ఆ మాట నాకు నచ్చలేదు. కాగితం మీద రాయలేనిది ఏదైనా ఉందని లెక్కల టీచరుతో అనకూడదు.

కాగితం అవ్వకు చూపించాను. ఆమె ఒక్క చూపు చూసి పక్కన పెట్టేసింది.

"అమాసనాడే" అంది. "ఉత్తినే ఉన్న రోజున సముద్రంలో తల ముంచకూడదు. పున్నానికి, అమాసకి, అంతే. పున్నానికి మూన్ ఉంటాది. అమాసే."

"మరి తాత రోజూ సముద్రంలో ఉండేవాడు కదవ్వా?"

"ఆడిది పని. పనికి రూలు లేదు. మనది పనేటి?"

ఆదివారం మా అమ్మకు ఫోన్ చేసి మాటల్లో ఈ సంగతి అన్నాను. అటునుంచి కేక వినబడింది. "అమావాస్య పూట ప్రయాణవేఁవిటే? అందులోనూ నీళ్ళలోకి! నీకు మతిగానీ పోయిందా?" మా ఇంట్లో అమావాస్యనాడు కొత్త చీపురు కూడా తీయరు. అవ్వకు ఈ నియమం నేర్పిన అత్తగారు అరవావిడ, వాళ్ళకు అమావాస్య మంచి రోజు. అత్తగారి అమావాస్యకు, మా అమ్మ అమావాస్యకు మధ్య నేను అడకత్తెరలో పోకచెక్కనయ్యాను.

అప్పుడు నాకు ఒక గొప్ప ఆలోచన తట్టింది. గొప్పదని అప్పుడు అనుకున్నాను. జనవరి చివర్లో వచ్చేది పుష్య బహుళ అమావాస్య, అంటే మా ఊరి పక్కన చొల్లంగి అమావాస్య. ఆ రోజున కాకినాడ చుట్టుపక్కల జనమంతా చొల్లంగి వెళ్ళి సముద్రస్నానం చేస్తారు, తీర్థం జరుగుతుంది. సముద్రంలో మునగడమే పుణ్యమైన అమావాస్య! అమ్మకు మళ్ళీ ఫోన్ చేసి ఈ మాట అంటే పంచాంగం తిరగేస్తున్న చప్పుడు వినబడింది. "చొల్లంగి అయితే సరే, శనివారం వచ్చింది, ఇంకా మంచిది" అంది. ఐదారు మైళ్ళ దూరంలోని చొల్లంగి తీర్థానికి నన్ను ఎన్నడూ పంపని మనిషి ఇండియన్ ఓషన్ అవతల ఒడ్డుకు పంపడానికి ఒప్పుకుంది.

కానీ అవ్వ వంటింటి గోడకు వెరులం ఊళ్ళో ఒక కిరాణా దుకాణంవాళ్ళు పంచిన క్యాలెండరు ఉంది. అందులో అమావాస్య శుక్రవారం. నా దగ్గర మా నాన్న పోస్టులో పంపిన పంచాంగం ఉంది. అందులో శనివారం.

"షాపోడు రాంగ్ ఎయ్యడు" అంది అవ్వ.

"అవ్వా, అది పప్పులమ్మేవాడి క్యాలెండరు. ఇది సిద్ధాంతులు గణించిన పంచాంగం" అన్నాను. ఎంత పొగరుగా అన్నానో తలుచుకుంటే ఇప్పుడు చెవులు వేడెక్కుతాయి. శుక్రవారం నాకు స్కూలు కూడా ఉంది, అదీ కలిసొచ్చింది. పడవాయన ఫోన్ చేసి, వీలైతే శుక్రవారమే రమ్మన్నాడు, నైరుతి గాలి వచ్చి వెళ్ళింది, సముద్రం ఆరోజు చాపలా ఉంటుందన్నాడు. నేను ససేమిరా అన్నాను. అవ్వ తల ఊపింది. చదువుకున్నదాన్నని నన్ను నమ్మింది పాపం.

ఈలోగా సాధన. పడవాయన రెండు కళ్ళద్దాలు, ఊపిరి గొట్టాలు ఇచ్చి వెళ్ళాడు. పెరట్లో బట్టలు నానబెట్టే రేకు తొట్టి నింపి, చుట్టూ మోకాళ్ళ మీద కూర్చుని, ముఖాలు ముంచి గొట్టంతో ఊపిరి పీల్చడం నేర్చుకున్నాం. నేను మొదటిసారే గ్లాసెడు సబ్బునీళ్ళు మింగాను. అవ్వ మాత్రం ఒక్కరోజులో పట్టేసింది. ముఖం తొట్టిలో, గొట్టం పైకి, గొట్టంలోంచి బుసబుసమని శబ్దం. పక్కింటావిడ కంచె మీంచి తొంగి చూసి, ఆంటీకి ఏమైందని కంగారుపడింది. "ఆవిరి పట్టుకుంటోంది" అని మా ఆయన అటునుంచి చల్లటి నీళ్ళ తొట్టిని చూపించాడు. ఆయనకు ఆ శనాదివారాలు ఆసుపత్రిలో డ్యూటీ. "మీ ఇద్దర్నీ ఒడ్డుకు లాగడానికి వల ఉందా, అదీ కోసేశారా?" అని అడిగాడు. అవ్వ పడీపడీ నవ్వింది.

శనివారం తెల్లవారుజామున మా పాత కారులో బయల్దేరాం. పులిహోర, వేరుశనగ ఉండలు, అవ్వ చేసిన చేపల ఊరగాయ. దారిలో అవ్వ కిటికీ అద్దం దించి, ఒకప్పుడు ఏ బీచికి ఎవరు వెళ్ళకూడదో చేత్తో చూపిస్తూ వచ్చింది. తెల్లవాళ్ళకు మాత్రమే అన్న ఆ బోర్డులు తీసేసి ఏడెనిమిదేళ్ళవుతోంది. "ముసిలోడు సముద్రంలో ఎక్కడికైనా ఎల్తాడు. ఇసకలో కూకోవాలంటే మాత్రం మా బీచికే రావాల" అంది. ఆ మాటలో కోపమేమీ లేదు. నాకే వచ్చింది.

సోద్వానా చేరేసరికి మధ్యాహ్నం. ఈశాన్యం గాలి ఇసుకను ముఖాన కొడుతోంది. సముద్రం నిండా తెల్లటి నురుగు. పడవాయన పడవను నీళ్ళలోకి నెట్టే ట్రాక్టరు పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఇవాళ పడవ దింపేది లేదు, దింపితే మిమ్మల్ని తిరిగి తెచ్చే పూచీ నాది కాదన్నాడు. ఆ తర్వాత గొంతు తగ్గించి, నిన్న రాత్రి రెండు మాంటాలు దీపం దగ్గర గంటసేపు ఉన్నాయని చెప్పాడు. అవ్వ విననట్టే ఉండి, చెప్పులు చేత పట్టుకుని, మాకు బస ఇచ్చిన చెక్క గుడిసె వైపు నడిచింది.

సాయంత్రం ఆ చెక్క గుడిసెలో టీ తాగుతూ కూర్చున్నాం. గాలికి రేకులు దడదడలాడుతున్నాయి. నన్ను ఓదార్చాలని కాబోలు, అవ్వ మా అమ్మ ఊసెత్తింది.

"మీ మమ్మీ ఇప్పుడు ఏటి సేస్తాది?"

"పడుకుని ఉంటుందవ్వా. ఇక్కడ ఆరైతే అక్కడ తొమ్మిదిన్నర. వాళ్ళు మనకన్నా మూడున్నర గంటలు..."

సంచిలోంచి పంచాంగం లాగాను. అమావాస్య శనివారం ఉదయం ఏడు గంటల రెండు నిమిషాల వరకు. అక్కడ సూర్యుడు వచ్చేసరికి ఇంకా అమావాస్య ఉంది కాబట్టి అది శనివారపు అమావాస్య. ఏడులోంచి మూడున్నర తీసేస్తే ఇక్కడ తెల్లవారుజాము మూడున్నర. మేం లేచి పులిహోర కలుపుతుండగానే, ఇక్కడ పొద్దు పొడవకముందే అమావాస్య వెళ్ళిపోయింది. ఇక్కడి అమావాస్య శుక్రవారమే. పప్పులవాడే రైటు.

ప్రతి ఆదివారం అమ్మకు ఫోన్ చేసే ముందు వేళ్ళమీద మూడున్నర గంటలు లెక్కపెట్టుకునేదాన్ని, చందమామ విషయంలో కాకినాడ టైము పట్టుకుని కూర్చున్నాను. పిల్లలకు కూడికలు తీసివేతలు చెప్పి జీతం తీసుకునే మనిషిని. సిగ్గుతో చచ్చిపోయాను. దాచే ఉద్దేశం కూడా ఒక నిమిషంపాటు కలిగింది, దాచలేక చెప్పేశాను.

అవ్వ టీ గ్లాసు కింద పెట్టింది. మూడు నెలలుగా మొగుడికి దక్కని తిట్లు, నిల్వ ఉన్నవన్నీ, ఆ సాయంత్రం నాకు దక్కాయి. "హాయిబో! ఓలమ్మో, టీచరట టీచరు! నీ పంచాంగం పొయ్యిలో పెట్టా! ముసిలోడు నయం, ఆడు వలే కోసినాడు, నువ్వు రోజే కోసేసినావు గదే గుంటా!" తిట్టి తిట్టి, ఆయాసం వచ్చి, చివరికి వేరుశనగ ఉండ నా చేతిలో పెట్టి తినమంది. నేను ఏడుస్తూ తిన్నాను. ఆమె కోసం ఏడ్చానో, లెక్క తప్పినందుకు ఏడ్చానో నాకిప్పటికీ తెలియదు.

ఆదివారం పొద్దున్న లేచేసరికి రేకుల చప్పుడు లేదు. గాలి రాత్రే తిరిగిందట. నీళ్ళు గాజులా ఉన్నాయి. పడవాయన గుడిసె ముందుకొచ్చి, సాయంత్రం ఐదున్నరకు పోటు నిండుతుంది, నెలవంక ఎనిమిదికల్లా దిగిపోతుంది, నేను మొదట చెప్పిన మంచి వేళ ఇదే అన్నాడు. నా గ్రాఫు కాగితంలోనూ ఆ గడికి ఎర్ర పెన్సిలుతో చుక్క పెట్టి ఉంది. అది నేనే పెట్టి నేనే కొట్టేసిన చుక్క.

"ఇయాల విదియ" అంది అవ్వ. "ముంచకూడదు."

నేను ఊరుకోవచ్చుగా? "అవ్వా, ఇంకా పడమటికి వెళ్తే టైము ఇంకా వెనక ఉంటుంది కదా, ఆ లెక్కన..." అన్నాను.

"మళ్ళీ లెక్కా!" అంది. నోరు మూసుకున్నాను.

ఆ పగలంతా అవ్వ చెట్టు నీడన చాప మీద కూర్చుని సముద్రాన్నే చూసింది. నేను దగ్గరికి వెళ్ళలేదు. తెల్లారితే వెనక్కి వెళ్ళిపోతాం, పడవాయన ఈస్టరు తర్వాత మొజాంబిక్ వెళ్ళిపోతాడు, ఇక జీవితాంతం ఈ మనిషి ఆ ఫొటో ముందు సగం మాట దగ్గర ఆగిపోతూ ఉంటుంది. అంతా నా మూడున్నర గంటల పుణ్యం. నాలుగింటికి పడవాయన పెట్రోలు డబ్బా మోసుకుంటూ అటు వెళ్తుంటే అవ్వ పిలిచింది.

"మీ పెద్దనాన్న సముద్రంలోకి ఎల్లే ముందు ఏటడిగేవాడు? అమాసా, పున్నమా?"

అతను డబ్బా దింపి ఆలోచించాడు. "పెదనాన్న గాలినే అడిగేవాడు పెద్దమ్మా. తడి వేలు పైకెత్తి చూసుకునేవాడు. ఇంకెవర్నీ అడిగినట్టు నాకు గుర్తులేదు."

అవ్వ వేలు నోట్లో తడిపి పైకెత్తింది. కాసేపు అలాగే ఉంచింది.

"ఆడు సూసిందే సూడ్డానికొచ్చినాను. ఆడు ఎల్లే రోజునే ఎల్లాల" అంది. "లెగమ్మీ."

రబ్బరు సూటులోకి అవ్వను దూర్చడానికి నాకు, ఒక పౌడరు డబ్బాకు అరగంట పట్టింది. ఆ వేషంలో బయటికి రాలేనని, పైన పూల నైటీ వేసుకుంది. పడవ ఎక్కే ముందు నీళ్ళకు దండం పెట్టి, మూడు వేళ్ళతో తలమీద చల్లుకుని, పడవలో తాడు పట్టుకుని కూర్చుంది. అలలు దాటేటప్పుడు నేను అమ్మా అని అరిచాను. అవ్వ అరవలేదు. నేల ముక్కులా సముద్రంలోకి పొడుచుకొచ్చి అలలకు అడ్డం నిలిచిన చోట, లోతు తక్కువగా ఉన్న రాళ్ళ మీద పడవ ఆపాడు. పొద్దు గూకింది. నెలవంక కాసేపు చెట్ల మీద ఉండి దిగిపోయింది. అతను టైరు ట్యూబుకు రెండు పెద్ద లైట్లు కట్టి, కిందికి తిప్పి నీళ్ళలోకి వదిలాడు. మేమిద్దరం చెరో పక్కా ఆ ట్యూబు తాడు పట్టుకుని బోర్లా తేలాం. అతను అవ్వ పక్కనే నీళ్ళలో ఉన్నాడు.

మొదట ఏమీ లేదు. వెలుగులో బియ్యం నూకలా తెల్లటి పురుగులు, అంతకంతకూ చిక్కబడుతూ. నాకు దవడ నొప్పి పుట్టింది. కాళ్ళ కింద చీకటి చూసి భయం పుట్టింది. వెనక్కి పోదామనడానికి తలెత్తబోతుంటే, ఆ చీకట్లోంచి ఒక మూల కదిలింది. మా పెరటి గుమ్మమంత వెడల్పు. రెక్కలు ఆడించినట్టే లేదు, అలా వచ్చేసింది. సరిగ్గా మా కింద నోరు తెరిచి, వెనక్కి వంగి, తెల్లటి పొట్ట మొత్తం దీపానికి చూపిస్తూ ఒక పిల్లిమొగ్గ వేసింది. మళ్ళీ ఒకటి. నా ఛాతీకి జానెడు దూరంలో ఆ పొట్ట వెళ్ళింది. నాకు భయం గుర్తులేదు. మళ్ళీ ఒకటి. ఆ పైన ఇంకొకటి.

పక్కన నీళ్ళు భళ్ళుమన్నాయి. చూస్తే అవ్వ తలెత్తి, గొట్టం పీకేసి, చీకటి ఆకాశం వైపు అరుస్తోంది.

"ఓరి ముసిలోడా! ఏసిందిరా! పిల్లిమొగ్గ ఏసిందిరా! ఇంత తెల్లగుంటాదని సెప్పలేదేటిరా! ఇంత సక్కగుంటాదని సెప్పలేదేటిరా! మూడన్నావు, నాలుగేసింది! లెక్క కూడా రాదేటిరా నీకు!"

పడవాయన ఆమె భుజం పట్టుకుని పకపకా నవ్వుతున్నాడు. తెలుగు ఒక్క ముక్క అర్థం కాకపోయినా ఆ గొంతు అతనికి చిన్నప్పటి నుంచీ తెలుసు. అవ్వ గొంతు బొంగురుపోయేదాకా తిట్టింది, మళ్ళీ గొట్టం నోట్లో కుక్కుకుని ముఖం ముంచింది. అరగంటలో ఆ చేప ఎన్ని పల్టీలు కొట్టిందో నేను లెక్కపెట్టలేదు. నా జీవితంలో నేను లెక్కపెట్టకుండా వదిలేసిన వాటిలో అదొకటి.

సోమవారం స్కూలుంది కాబట్టి తెల్లవారుజామున మూడింటికి బయల్దేరాం. అవ్వ దారిపొడుగునా కళ్ళు మూసుకునే ఉంది. నిద్రపోయిందనుకున్నాను. వెరులం వచ్చేసరికి తెల్లారింది. దుకాణాల షట్టర్లు లేస్తున్నాయి, డర్బన్ వెళ్ళే ట్యాక్సీలవాళ్ళు అరుస్తున్నారు. నాకు మొదటి పీరియడు ఎలాగూ పోయింది, టీ తాగుదామని ఆపాను. ఎదురుగా ఆ క్యాలెండరు పంచిన పప్పుల దుకాణమే, ఇంకా మూసి ఉంది. దానికేసి చూసి తలదించుకున్నాను.

అవ్వ టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుంది. ఉప్పునీళ్ళకు వేళ్ళ కొసలు ఇంకా ముడతలు పడి ఉన్నాయి.

"మూడు నెలలు అల్లినానమ్మీ ఆ వల" అంది. "రోజూ. సేతులు పగిలిపోనాయి."

"తెలుసవ్వా."

టీ మొత్తం తాగేసి, గ్లాసు నా చేతికిచ్చింది.

"ఆ రాత్రి నన్ను తీసుకెల్లి ఉంటే, కత్తి నానే ఇద్దును."